సినిమా చూస్తే నవల చదివినట్టేనా? పిల్లలకు పాత నవలల్ని తెర మీద నుంచి చెప్పడంలో ఉన్న చిక్కులు

యూట్యూబ్‌లో 'చివరకు మిగిలేది' అని కొడితే 1960 నాటి సావిత్రి సినిమా వస్తుంది. బుచ్చిబాబు నవల పేరూ అదే. నవల మీద ప్రాజెక్టు రాయాల్సిన పిల్లవాడు ఆ సినిమా చూసి రాసేస్తే, దిద్దే మాస్టారికి పొలమారడం ఖాయం. పేరు తప్ప ఆ రెండింటికీ చుట్టరికం లేదు. సినిమా 1959లో వచ్చిన 'దీప్ జ్వేలే జాయ్' అనే బెంగాలీ చిత్రానికి రీమేక్. అందులో సావిత్రి మానసిక రోగుల ఆసుపత్రిలో నర్సు. నవలేమో ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు 1940లలో రాసింది. దయానిధి అనే డాక్టరు తన లోపల తాను పడే గొడవ అది. ఇలాంటి బోల్తా ఇంకొకటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల 'మాలపల్లి'. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన సినిమా 'మాలపిల్ల', దాని కథ చలానిది. ఒక్క అక్షరం దాటితే వేరే రచయిత, వేరే కథ.

టీనేజి పిల్లలకు పాత నవలల్ని సినిమా చూపించి చెప్పొచ్చా అన్న చర్చ ఇప్పుడు తణుకు, భీమవరం, అమలాపురం వైపు బడుల్లోనూ వినబడుతోంది. బడుల్ని బాగుచేసే ప్రభుత్వ పథకం నాడు-నేడు కింద తరగతి గదుల్లోకి ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, అంటే వీడియోలు ఆడే పెద్ద టచ్ తెరలు వచ్చాయి. ఇంట్లో ఎలాగూ ఫోన్ ఉంది. చూపించడం తేలికైపోయింది కాబట్టి, చూపిస్తే ఏమవుతుందన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఒకరు 'చదువు పోతుంది' అంటారు, ఇంకొకరు 'అలాగైనా కథ తెలుస్తుంది' అంటారు. ఇద్దరూ మాట్లాడేది కథ గురించే. అసలు చిక్కు కథలో కాదు, కథ ఎవరు చెబుతున్నారన్న దాంట్లో ఉందని నా ఉద్దేశం.

'నవల ఆధారంగా' అంటే ఏమేమి కావచ్చు

ముందు నాలుగు మాటలు విడదీసి పెట్టుకోవాలి. అనువాదంలో భాష మారుతుంది, మనుషులూ ఊళ్లూ సంఘటనలూ అలాగే ఉంటాయి. అనుసరణలో కథ నిలుస్తుంది కానీ ఊరు, కాలం, పేర్లు, ఒక్కోసారి ముగింపు కూడా మారిపోవచ్చు. స్ఫూర్తి అంటే ఒక ఆలోచనో ఒక సన్నివేశమో తీసుకుని సొంత కథ అల్లుకోవడం. రీమేక్ ఒక సినిమా నుంచి ఇంకో సినిమా తీయడం, అక్కడ పుస్తకం ప్రమేయం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. టైటిల్ కార్డుల్లో ఈ తేడాలన్నీ 'ఆధారంగా' అన్న ఒక్క మాట కింద కలిసిపోతుంటాయి.

అనుసరణ అనగానే అదేదో తక్కువ పని అనుకునేవాళ్లు ధవళేశ్వరం దాకా వెళ్లిరావాలి. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర' మొదలయ్యేది అక్కడే, గోదావరి వర్ణనతో. 1878లో 'వివేకవర్ధని' పత్రికలో ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమైంది. తొలి తెలుగు నవల ఏదన్న తగువు వేరే ఉంది, దాన్ని అలా ఉంచుదాం. ఈ నవలకు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అక్కడి పల్లెటూరి మతబోధకుడి కుటుంబం ఇక్కడ ముఖస్తుతికి పడిపోయి ఆస్తి పోగొట్టుకున్న రాజశేఖరుడి కుటుంబమైంది. ఆ తర్వాత ఇదే నవల 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లింది. అంటే మన నవల పుట్టడమే ఇంకో పుస్తకాన్ని మన ఊరికి తెచ్చుకుని పుట్టింది. సినిమా నవలను మార్చేసిందని కోపం తెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

'నేను' చెప్పే కథను కెమెరా ఎలా చెప్పాలి

ఇక అసలు చిక్కు. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం' తీసుకుందాం. మొదటి భాగం 1924 నాటిది. హీరోది నరసాపురం పక్కన మొగల్తూరు. (చిరంజీవి ఊరు కూడా అదేనని చెబితే తరగతిలో సగం మంది తలెత్తి వింటారు, ఆ ఉపాయాన్ని నేను తప్పుపట్టను.) బారిస్టరు చదవాలని ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండుకు బయల్దేరతాడు. లోకం తెలియదు, తెలియదన్న సంగతీ తెలియదు. మద్రాసులో దొరల వేషం కోసం ఒక టోపీ కొంటాడు. అది ఆడవాళ్లు పెట్టుకునే టోపీ.

ఈ కథంతా చెప్పేది పార్వతీశమే. 'నేను ఇలా చేశాను, వాళ్లు నవ్వారు' అని గంభీరంగా చెప్పుకుంటూ పోతాడు. జనం ఎందుకు నవ్వుతున్నారో అప్పటికి అతనికి తెలియదు. పాఠకుడికి మాత్రం మెల్లగా అనుమానం వస్తుంది. ఆ అనుమానానికీ అతని గాంభీర్యానికీ మధ్య ఉన్న ఎడంలోనే హాస్యమంతా.

ఇప్పుడు ఆ టోపీ ఘట్టాన్ని సినిమాగా తీయాలనుకోండి. కెమెరా టోపీని చూపించిన క్షణంలోనే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది, పార్వతీశం కంటే ముందే. అప్పుడు నవ్వు అతని మీద పడుతుంది. పుస్తకంలో మనం అతని పక్కన కూర్చుని నవ్వుతాం, తెర మీద అతనికి ఎదురుగా కూర్చుని నవ్వుతాం. పోనీ టోపీని చివరిదాకా చూపించకుండా, చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు మాత్రమే చూపిస్తే? అప్పుడు అనుమానం మిగులుతుంది, పుస్తకానికి దగ్గరవుతాం. లేదా పార్వతీశం గొంతును వాయిస్ ఓవర్‌గా పెట్టి, అతను 'గొప్ప టోపీ' అంటున్నప్పుడు తెర మీద ఆ టోపీని చూపిస్తే? మాటకూ బొమ్మకూ పొత్తు కుదరదు, కొత్తరకం నవ్వు పుడుతుంది. మూడు పద్ధతులకూ సంఘటన ఒక్కటే, ముగ్గురు పార్వతీశాలు తయారవుతారు.

ఈ నవల 1940లోనే ఆర్. ప్రకాశ్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది, లంక సత్యం పార్వతీశంగా వేశారు. అయితే ఈ లెక్క తేల్చడానికి సినిమా దొరకక్కర్లేదు. రెండు పేజీలు చదివి 'దీన్ని మీరైతే ఎలా తీస్తారు' అని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే చాలు. ఉత్తమ పురుషలో చెప్పడమంటే ఏమిటో వ్యాకరణం పీరియడ్‌లో ఎంత చెప్పినా ఎక్కనిది, కెమెరా ఎక్కడ పెట్టాలన్న తగువులో ఎక్కుతుంది.

దేవదాసు మీద జాలి ఎవరిది

పార్వతీశం విషయంలో సమస్య నవ్వు. దేవదాసు విషయంలో సమస్య జాలి. ఇది ఇంకాస్త లోతైంది, పదిహేనేళ్ల పిల్లల దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకోవాల్సింది కూడా.

శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ నవల 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించిన తెలుగు సినిమా 1953లో వచ్చింది. ఎంతగా మనదైపోయిందంటే, మూలం బెంగాలీ అని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోయేవాళ్లున్నారు. గడ్డం పెంచుకుని తిరిగేవాడిని 'ఏరా, దేవదాసువయ్యావా' అనడానికి పుస్తకంతోనూ సినిమాతోనూ పనిలేదు. ఇప్పటి పిల్లలకు ఈ పాత్ర 'మహానటి' ద్వారా కూడా కొంత తెలుసు, 2018లో వచ్చిన ఆ సినిమాలో దేవదాసు షూటింగ్ ఘట్టం ఉంది.

నవలలో ఒక కథకుడు ఉన్నాడు. దేవదాసు పక్కనే నడుస్తాడు కానీ అతన్ని వెనకేసుకురాడు. పార్వతి మొహం మీద కొట్టిన దెబ్బను, నిర్ణయం తీసుకోవాల్సిన రోజు తీసుకోలేని పిరికితనాన్ని దాచకుండా చెబుతాడు. చివర్లో పాఠకుడి వైపు తిరిగి, ఇలాంటి దురదృష్టవంతుడు ఎవరైనా తారసపడితే అతని కోసం ప్రార్థించమని అడుగుతాడు. ఆ జాలి కథకుడిది. అది దేవదాసు తనకు తాను కోరుకున్నది కాదు.

సినిమాలో ఆ కథకుడు లేడు. ఆ ఖాళీలోకి పాట వచ్చింది. తెలుగు సినిమాలో పాట చేసే పెద్ద పని ఇదే, మనిషి లోపల ఉన్నది బయటికి తెస్తుంది. తాగిన దేవదాసు తన బాధను తానే వేదాంతంగా పాడుకుంటాడు, ఘంటసాల గొంతులో. అంతసేపూ అతన్ని బయటినుంచి చూస్తున్న మూడో మనిషి ఎవరూ లేరు. పైగా అక్కడున్నది నాగేశ్వరరావు. వినేవాడు ఎటువైపు ఉంటాడు?

సినిమా నవలకు అన్యాయం చేసిందని దీనర్థం కాదు. పాటలో తెలిసే నిస్సహాయత పేజీ మీద అంత గట్టిగా తగలకపోవచ్చు. కానీ 'దేవదాసు గొప్ప ప్రేమికుడా, తనతోపాటు ఇద్దరు ఆడవాళ్ల బతుకుల్ని చెడగొట్టిన మనిషా' అన్న ప్రశ్నకు పుస్తకం ఒక్కటే చదివినవాళ్లూ సినిమా ఒక్కటే చూసినవాళ్లూ ఒకే జవాబు చెప్పరు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే పాఠం. ఆ వెతుకులాట లేకుండా ఒక్క పాట చూపించి వదిలేస్తే, తాగుడు మీద ఒక అందమైన మ్యూజిక్ వీడియో చూపించినట్టవుతుంది.

లియర్ రాజు మన జానపదంలోకి వస్తే

మూలానికి దూరంగా వెళ్లిన సినిమా పాఠానికి పనికిరాదని చాలామంది అనుకుంటారు. 1949 నాటి 'గుణసుందరి కథ' దీనికి మంచి జవాబు. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. మూలం షేక్స్‌పియర్ 'కింగ్ లియర్', నాటకమే అనుకోండి, కానీ లెక్క ఒకటే.

షేక్స్‌పియర్ దగ్గర ముసలి రాజు ముగ్గురు కూతుళ్లనూ ఎవరికి ఎంత ప్రేమో చెప్పమంటాడు. పెద్దవాళ్లిద్దరూ పొగడ్తలు గుప్పిస్తారు. చిన్నమ్మాయి కార్డీలియా, తన ధర్మం ఎంతో అంతే ప్రేమిస్తానంటుంది, పెళ్లయితే అందులో సగం భర్తకు పోతుందని కూడా అంటుంది. కె.వి. రెడ్డి, పింగళి ఆ 'సగం' దగ్గర ఆగారు. మన గుణసుందరి ఏకంగా ఆడదానికి భర్తే ముఖ్యమంటుంది. తండ్రికి కోపమొచ్చి ఆమెను అవిటివాడికిచ్చి పెళ్లి చేస్తాడు, అతను నిజానికి వేషం మారిన మనిషి. ఇంగ్లీషు నాటకంలో కార్డీలియా, లియర్ ఇద్దరూ చనిపోతారు. మన సినిమా శుభం కార్డుతో ముగుస్తుంది.

చూడండి, ఒక్క సమాధానం మారింది, దాంతో నాటకం మొత్తం మారింది. అక్కడ ప్రశ్న నిజాయితీ గురించి, ఇక్కడ పాతివ్రత్యం గురించి. ఇదెందుకు మారిందని అడిగితే 1949 నాటి తెలుగు ప్రేక్షకుడు ఎవరు, ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమాకు ఏ ముగింపు కావాలి, ఆడపిల్ల నోట ఏ మాట ఒప్పుకుంటారు అన్నవన్నీ చర్చకొస్తాయి. ఇప్పటి అమ్మాయిలు గుణసుందరి జవాబును ఊరికే ఒప్పుకోరు. ఒప్పుకోకపోతేనే మంచిది, తగువు పడితే రెండు కథల్నీ మళ్లీ తిరగేస్తారు.

వద్దనేవాళ్ల మాటలో బలం ఎంత

సినిమా వద్దనే తెలుగు మాస్టార్ల వాదన పాతకాలపు చాదస్తం కాదు. వాళ్లు ముఖ్యంగా చెప్పేది బొమ్మ గురించి. ఒకసారి దేవదాసు మొహం అక్కినేనిది అయ్యాక, పిల్లల బుర్రలో ఇంకో దేవదాసు పుట్టడు. ఊహించడం చదువులో సగం అనుకుంటే, ఆ సగం పని ఇంకెవరో చేసిపెట్టారన్నమాట. రెండోది భాష. నవలలోని వాక్యం నిదానంగా వెళుతుంది, దానికి అలవాటు పడాలంటే విసుగును కాసేపు భరించాలి. సినిమా ఆ అవసరం రానివ్వదు. ఇక 'దయానిధి లోపలి గొడవ'లాంటిది మొత్తం మనసులోనే జరుగుతుంది, అక్కడ కెమెరాకు చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు.

కావాలనేవాళ్లు ఒక మొండి నిజాన్ని ముందు పెడతారు. కోనసీమ పల్లెలో ఇంగ్లీషు మీడియంలో చదివే పదో తరగతి పిల్ల వందేళ్ల కిందటి తెలుగు వాక్యం దగ్గరే ఆగిపోతుంది. పంచె కట్టు, పడవ ప్రయాణం, అగ్రహారం, మడి ఇవేవీ ఆమె చూసినవి కావు. పది నిమిషాల దృశ్యం ఆ లోకాన్ని కళ్లకు కట్టిస్తే, తర్వాత పేజీ తేలికవుతుంది. గురజాడ 'కన్యాశుల్కం' 1909 నాటి రూపంలో చదివితే మింగుడుపడని మాటలు, 1955 సినిమాలో గిరీశంగా ఎన్టీ రామారావు, మధురవాణిగా సావిత్రి పలుకుతుంటే దారిన పడతాయి. అది మొదటినుంచీ పలకడానికి రాసిన నాటకం కాబట్టి ఇంకా బాగా నప్పుతుంది.

మూడో వర్గం ఒకటుంది, ఎక్కువగా సినిమా మీద ప్రేమ ఉన్నవాళ్లు. సినిమాను నవలకు గైడు పుస్తకంలా వాడటం సినిమాకే అవమానమని వాళ్ల బాధ. నిజమే. వంశీ తన నవల 'మహల్లో కోకిల'ను తానే 1984లో 'సితార'గా తీసినప్పుడు, రచయితా దర్శకుడూ ఒకరే అయినా పుస్తకం పుస్తకమే, సినిమా సినిమాయే. రెండింటికీ కొలబద్ద ఒకటి కాదు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోల్చడమనే పని పిల్లలకు కొత్త కాదు. 2023లో 'ఆదిపురుష్' వచ్చినప్పుడు రావణుడి జుట్టు మీద, వేషం మీద మీమ్స్ కురిశాయి. 'రావణుడు ఇలా ఉంటాడా' అని అడిగినవాళ్లలో చాలామంది వాల్మీకితో పోల్చలేదు. 'భూకైలాస్', 'సీతారామకల్యాణం' సినిమాల్లో ఎన్టీ రామారావు వేసిన రావణుడితో పోల్చారు. ఒక సినిమా ఇంకో సినిమాకు మూలగ్రంథమైపోయింది! పదో తరగతిలో రామాయణం ఉపవాచకంగా చదివిన పిల్లలు కూడా అదే చేశారంటే, సినిమాను తరగతి గది బయట నిలబెట్టినంత మాత్రాన అది బయట ఆగదని తెలుస్తోంది. ఎలాగూ బుర్రలో ఉన్నప్పుడు బల్ల మీదికి తెచ్చి మాట్లాడటం మేలనిపిస్తుంది నాకు. అయితే సినిమా మొత్తం చూపించడం దండగ అన్నది కూడా నా అభిప్రాయమే.

పీరియడ్, వయసు, చట్టం

దండగ ఎందుకో లెక్క చూడండి. మూడు గంటల పాత సినిమా అంటే 180 నిమిషాలు, 45 నిమిషాల పీరియడ్లు నాలుగు. కరెంటు పోవడం, సౌండ్ రాకపోవడం కలిపితే ఐదు. అందులో మాట్లాడుకునే సమయం సున్నా. అదే ఒక ఘట్టం పది నిమిషాలు చూసి, దానికి సంబంధించిన మూడు పేజీలు పావుగంట చదివితే, ఒకే పీరియడ్‌లో ఇంకా ఇరవై నిమిషాలు తగువుకు మిగులుతాయి. ముందు చదివించాలా, ముందు చూపించాలా అంటే, భాష కష్టమైన చోట చూపించాక చదవడం, మొహాలు ముద్రపడిపోతాయనుకున్న చోట చదివాక చూపించడం నయం. ఒకే సూత్రం అన్నిటికీ సరిపోదు.

వయసు విషయంలో 2024 నుంచి కొత్త సర్టిఫికెట్లు వచ్చాయి. పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన సినిమాలకిచ్చే యూఏ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. పాత సినిమాలకు ఆ విభజన ఉండదు కాబట్టి మాస్టారు ముందుగా చూసుకోక తప్పదు.

చట్టం అనగానే టెన్షన్ పడక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం విద్యాసంస్థ తన పనిలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు ఇలా సంస్థతో సంబంధమున్నవాళ్లకే సినిమా చూపిస్తే ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే సంగతి వేరు. పుస్తకానికి రచయిత చనిపోయాక 60 ఏళ్లు, సినిమాకు విడుదలయ్యాక 60 ఏళ్లు హక్కులుంటాయి. అందుకే 1915లో కన్నుమూసిన గురజాడ రచనలను, 1919లో కన్నుమూసిన వీరేశలింగం రచనలను జిరాక్స్ తీసి పంచినా ఎవరూ అడగరు. మొక్కపాటి 1973 దాకా ఉన్నారు, ఆ పుస్తకాన్ని కొనుక్కోవాలి.

సినిమాగా రాని నవలల సంగతి

గోదావరి డెల్టా గురించి రాసిన గట్టి నవలల్లో కొన్ని తెరకెక్కనే లేదు. భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు 'నారాయణరావు', 1934లో 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతి పంచుకుంది. బాపిరాజు స్వయంగా చిత్రకారుడు, సినిమాలకు కళాదర్శకత్వం కూడా చేశారు, ఆయన నవల మాత్రం పుస్తకంగానే ఉండిపోయింది. ముంగండలో పుట్టిన మహీధర రామమోహనరావు 'కొల్లాయిగట్టితేనేమి?' సహాయ నిరాకరణ రోజుల్లో కోనసీమ అగ్రహారం ఎలా కదిలిందో చెబుతుంది. దానికీ సినిమా లేదు.

ఇలాంటివాటికి సినిమా లేకపోవడం ఒకందుకు లాభమే. నారాయణరావుకు ఏ హీరో మొహమూ అంటుకుని లేదు. 'ఈ పాత్రకు ఎవరు సరిపోతారు, ఎందుకు' అని అడిగితే ప్రభాస్ దగ్గర మొదలైన అరుపులు, 'అసలు పుస్తకంలో అతను ఎలా ఉంటాడని రాశారు' అన్న ప్రశ్న దగ్గరికి వస్తాయి. దృశ్యాల కోసం వెతకాల్సిన పనీ లేదు. గోదావరి దాటించే నరసాపురం–సఖినేటిపల్లి పంటు మీద పిల్లలు ఎలాగూ రీల్స్ తీస్తూనే ఉంటారు. నవలలో ఒక పేరా ఇచ్చి, అదే ఫోనుతో ఒక నిమిషం తీయమంటే ఎన్ని షాట్లు, ఎవరి వైపు నుంచి, మాట ఉండాలా వద్దా అన్నవన్నీ వాళ్లే తేల్చుకోవాలి.

'రాజశేఖర చరిత్ర' మొదటి పేజీతో ఈ పని చేయిస్తే ధవళేశ్వరంలోనే ఒక ఇబ్బంది వస్తుంది. ఎటు కెమెరా పెట్టినా 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీ ఫ్రేములోకి వస్తుంది. కాటన్ ఆనకట్ట 1852కే పూర్తయింది, కానీ నవలలోని కాలం అది కాకపోవచ్చు. బ్యారేజీని కనబడకుండా తీయాలా, లేక కథను ఇప్పటి ధవళేశ్వరానికి మార్చేసి రాజశేఖరుడి చేతిలో ఫోన్ పెట్టాలా? రెండో దారి పట్టిన పిల్లలు, గోల్డ్‌స్మిత్ కథను వీరేశలింగం ఏం చేశారో అదే వీరేశలింగం కథకు చేస్తున్నారు. రాజశేఖరుడి చుట్టూ చేరి పొగిడేవాళ్లను ఇప్పుడు ఏ వాట్సాప్ గ్రూపులో చూపించాలన్నది వాళ్ల తలనొప్పి.